హుక్కులు కుట్టే వేళ చదివిన నవల

బడి వదిలాక గదికి పోవడం నాకు ఇష్టం ఉండేది కాదు. గదిలో ఏముంది, పొద్దున కడగకుండా వదిలేసిన గిన్నెలు. నిజాంపేట నుంచి మెదక్ వచ్చి ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను, కిరాయికి గది తీసుకున్నాను, అంతే. జాకెట్ కుట్టించుకోవడానికి పోయిన దుకాణంలోనే రోజూ కూర్చోవడం మెల్లగా అలవాటైంది. ఖిల్లా కింది గల్లీలో, ఇంటి ముందు గదిలోనే ఒకామె నడిపే టైలరింగ్ దుకాణం అది. నా ఈడుదే. మెదక్‌లో నాకున్న ఒకే ఒక్క దోస్తు.

ఒకరోజు నా సంచిలోంచి లావుపాటి నవల తీసి తిరగేసింది. ఆమె చదివింది ఉర్దూ మీడియం. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, అక్షరాలు మాత్రం బస్సు బోర్డు వరకే. ఇందులో ఏముందని అడిగింది. ఇద్దరు ఆడపిల్లల దోస్తీ కథ అన్నాను. అయితే పైకి చదవమంది, తనూ వింటానంది.

మిషను చప్పుడులో నా గొంతు వినపడదు. అందుకని హుక్కులు, కాజాలు, చీరల ఫాల్స్, ఇలా చేత్తో కుట్టే పనులన్నీ పొద్దంతా పక్కన పెట్టి నేను వచ్చే వేళకు దాచుకునేది. నేను చదువుతుంటే ఆమె కుట్టేది. కథ కాస్త దూరం నడిచేసరికి సూది పైకెత్తి "ఆగు, ఆగు" అనేది. ఆ నవలలో ఒకామె చదువుకుని పైకి వస్తుంది, ఇంకొకామె ఊళ్ళోనే ఉండిపోతుంది. ఒకరంటే ఒకరికి ప్రాణం, ఒకరి మీద ఒకరికి కుళ్ళు కూడా. మా దోస్తు ఊళ్ళో ఉండిపోయినామె తరఫున వకాలతు పుచ్చుకునేది. "గామె గట్లెట్ల అంటది? చదువుకున్ననన్న పొగరు కాదా?" అని నాతో కొట్లాడేది, ఆ నవలేదో నేనే రాసినట్టు. నాకు ఒళ్ళు మండేది. ఊళ్ళో ఉండిపోయినామెకు నోరెక్కువ, పని తక్కువ అని ఒకసారి అనేశాను. దారం పుటుక్కున తెంపి, దుకాణం బంద్ చేస్తున్నానంది. కొన్నాళ్ళు నేను పోలేదు. చివరికి ఆమే ఫోన్ చేసి, హుక్కుల పని కుప్పపడి ఉంది, ఎప్పుడొస్తావని అడిగింది. నవలలో వాళ్ళ గురించే కొట్లాడుకున్నామని ఇద్దరం పైకి అనుకున్నాం. కాదని ఇద్దరికీ తెలుసు.

మామూలుగా అయితే నేను నాలుగు రోజుల్లో ముగించే పుస్తకం. ఆ "ఆగు, ఆగు"లతో వానాకాలం పోయి చలికాలం వచ్చినా అవలేదు. చివరి రెండు అధ్యాయాలు మిగిలి ఉండగా ఆమెకు అల్లాదుర్గ్ సంబంధం ఖాయమైంది. పెళ్ళి హడావిడిలో చదవడం కుదరలేదు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, తను వచ్చేదాకా ఆ పుస్తకం ముట్టొద్దంది. సరేనన్నాను.

అల్లాదుర్గ్ ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే టిఫిన్ వేళకు దిగొచ్చు. అయినా ఏడాది దాటింది. ఫోన్ చేస్తే వెనక కుక్కర్ విజిల్, ఎవరో పిలవడం, మళ్ళీ చేస్తానని ఆమె పెట్టేయడం. దుకాణం షట్టర్ దించే ఉంది. బడి వదిలాక నేను తిన్నగా గదికే పోతున్నాను. నవలలో గుర్తుగా పెట్టిన గుడ్డముక్కను కదిలించలేదు. కొత్తగా కొన్న చీరకు ఫాల్ కూడా వేరేవాళ్ళతో కుట్టించలేదు. పిచ్చితనమే. కానీ అవి అలా ఆగి ఉన్నంత కాలం ఆమె నా దగ్గరికి తిరిగి వస్తుందని నా ధీమా.

మొన్న ఎండాకాలంలో వచ్చింది, చంకలో బిడ్డతో, నేరుగా నా గదికే. బిడ్డ నిద్రపోగానే చీర ఆమె ఒళ్ళో పెట్టి పుస్తకం తీశాను. నవ్వి సూదిలో దారం ఎక్కించింది. నేను చదవడం మొదలుపెట్టాను.

ఒక్కసారి కూడా ఆగమనలేదు. ఊళ్ళో ఉండిపోయినామెను ఇంకొకామె నానా మాటలూ అంటోంది, కొట్లాటకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నేనే కాస్త ఆగి చూశాను. తల వంచుకుని కుడుతూనే ఉంది. పెళ్ళయ్యాక మనిషి నెమ్మదించింది కాబోలు అనుకున్నాను. చివరి అధ్యాయంలో, నేనింకా పేజీ తిప్పనే లేదు, ఆమె సూది ఆగిపోయింది. చూస్తే కళ్ళ నిండా నీళ్ళు. నేను చదువుతున్న చోట ఏడవడానికేమీ లేదు, వాళ్ళిద్దరూ బజారులో గాజులు బేరమాడుతున్నారు. పేజీ తిప్పాను. వాళ్ళు కలవడం అదే ఆఖరని అక్కడ రాసి ఉంది.

"నీకు ముందే తెలుసు," అన్నాను.

దాచలేదు. ఎవరో ఒకామె ఆ నవల మొత్తం పైకి చదివి, ఫోన్‌లో వినేలా రికార్డు చేసి పెట్టిందట. రొట్టెలు చేసుకుంటూ, చెవిలో పెట్టుకుని విన్నదట.

"నీకు చెప్పొద్దనుకున్న. నువ్వు గట్లనే పట్టుకొని కూసున్నవని తెల్సు," అంది. "గా ఇంట్ల పని చెప్పెటోళ్ళే గని మాట్లాడెటోళ్ళు లేకుండె. చెవుల ఎవలో ఒకలు మాట్లాడుతుంటె మంచిగనిపించింది."

నాకు కోపమొచ్చింది, ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే కాపలా కాశానని. ఆ గొంతు ఎవరిదో ఏమో, దాని మీద కూడా కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళుతోనే, ఆ ఫోన్‌లో ఆమె బాగా చదివిందా అని అడిగాను.

"మంచిగనే చదువుతది," అంది సూది మళ్ళీ అందుకుని. "ఆగుమంటె ఆగది గని."

నేను పుస్తకం మళ్ళీ తెరిచాను. మిగిలిన పేజీలు ఎలాగో చదివాను. ఫాల్ కూడా అయిపోయింది, దారం పంటితో కొరికింది. ఇంకో నవల మొదలుపెడదామా అన్నాను. చూద్దాంలే అంది బురఖా వేసుకుంటూ. ఎప్పుడొస్తావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బిడ్డను భుజాన వేసుకుని బస్టాండుకు పోయింది.

ఆ తర్వాత చాలా నవలలు చదివాను, గదిలో, మనసులోనే. ఎంత లావుదైనా నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఆగమనేవాళ్ళు ఎవరూ లేరు.