చెవితో కొన్న కంప్యూటర్

కంప్యూటర్‌ను చెవితో ఎంచుకున్న తెలివైనవాణ్ని మా జిల్లాలో నేనొక్కణ్నే అయ్యుంటాను. అందరూ దాని లోపల ఏముందో అడిగి కొంటారు. నేను మాత్రం దుకాణదారు ర్యామ్ సంగతి చెప్పబోతుంటే 'రామా' అనుకుని, దాని డొక్కకు చెవి ఆనించాను.

కారణం లేకపోలేదు. మాది సాంచాల ఇల్లు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఇంటి వెనక గదిలో నాలుగు నడుస్తాయి. ఆ చప్పుడులోనే పెరిగాం, ఆ చప్పుడులోనే నిద్రపోతాం. అది ఆగితేనే ఉలిక్కిపడి లేస్తాం: పోగు తెగిందో, కరెంటు పోయిందో, ఎవరి చెయ్యి ఇరుక్కుందో అని. చప్పుడు చేసే యంత్రం మా లెక్కన క్షేమంగా ఉన్నట్టు. చప్పుడు లేనిది చచ్చినట్టు.

కంప్యూటర్ అవసరమైంది మా తమ్ముడి కూతురి కోసం. తమ్ముడు దుబాయ్‌లో పనిచేస్తాడు. అతను అక్కడికి వెళ్లేనాటికి పాప ఇంకా తల్లి కడుపులోనే ఉంది. శుక్రవారం సెలవునాడు అతను ఫోన్లో కనిపిస్తే, పాప ఆ ముఖాన్ని వేలితో పక్కకు తోసి బొమ్మల వీడియో వెతుక్కునేది. వానలు తగ్గాక వస్తానన్నాడు. వచ్చేసరికి కూతురు తనను గుర్తుపట్టాలి, పిలిస్తే దగ్గరికి రావాలి. అదొక్కటే అతని కోరిక.

"అన్నా, జర పెద్ద తెర ఉన్నది తీసుకో. నా మొకం నా మొకమంత కనవడితే పోల్చుకుంటదేమో" అన్నాడు.

కరీంనగర్‌లో దుకాణానికి నేను ఒక్కణ్నే వెళ్లాను. మొదట చూపించింది టిఫిన్ డబ్బా అంత ఉంది. కొత్తది. స్విచ్ వేశాడు. చెవి పెట్టాను. ఏమీ వినిపించలేదు.

"గిది నడుస్తుందా?"

"నడుస్తుంది కాకా. తెర మీద బొమ్మ వచ్చె గద."

"మరి ఉలుకూ పలుకూ లేదేంది?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. నేనెలాంటి గిరాకీనో ఆ చూపులోనే అతనికి తెలిసిపోయినట్టుంది. లోపలికి వెళ్లి ఒక నల్లటి పెద్ద డబ్బా మోసుకొచ్చాడు. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు వాళ్లు వాడి అమ్మేసిందట, తను బాగుచేసి పెట్టాడట. స్విచ్ వేయగానే గుర్రుమంది. ఆ గుర్రు లోపల ఒక తాళం ఉంది. టక్, టక్, టక్. సాంచా మీద పోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తినట్టు. నా ప్రాణం లేచివచ్చింది.

"ఇంజన్ మంచిగున్నది" అన్నాను.

"యంత్రాల సంగతి మీకు నేను చెప్పాల్నా కాకా!"

ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే. మగ్గం మనిషి మొగ్గు చప్పుడు వైపే. డబ్బానూ దానికి తగిలించే పెద్ద తెరనూ ఆటోలో బస్టాండుకు, బస్సులో ఇంటికి తెచ్చి, ప్లగ్గు దగ్గరుందని సాంచాల గది తలుపు పక్కనే పెట్టాను.

మొదటి శుక్రవారం తమ్ముడి ముఖం నిండుగా వచ్చింది. "గాయనే నీ బాపు" అని తల్లి చూపించింది. పాప నోరు తెరుచుకుని చూసింది.

"అన్నా, మనూర్ల వానవడుతుందా? ఏం చప్పుడది?"

"కంప్యూటర్‌రా! మంచిగ నడుస్తుంది!"

"ఏందీ? ఇనవడ్తలే!"

అతను అరిచాడు. మేమూ అరిచాం. ఆనాటి నుంచి మా క్షేమసమాచారాలన్నీ వీధి చివరి దాకా వినిపించేవి. వారం వారం ఆ గుర్రు పెరిగింది. తమ్ముడి గొంతూ దానితో పాటే పెరిగింది. పాప ముందు చెవులు మూసుకుంది. తర్వాత తల్లి వెనక నిలబడింది. ఆ తర్వాత తల్లి స్విచ్ వైపు చెయ్యి చాపితేనే వణకడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున మా ఆవిడ పచ్చడికి మిక్సీ వేసింది. పాప తింటున్న సకినం చేతిలోంచి జారిపోయింది. "బాపు వస్తుండు!" అని కేకపెట్టి మంచం కిందికి దూరింది.

మేం నవ్వాం. తమ్ముడి భార్య నవ్వలేదు.

ఆ తర్వాత ట్రాక్టర్ పోతే బాపు. బోరు మోటరు వేస్తే బాపు. ఒకసారి నేను గట్టిగా దగ్గినా బాపే.

"బావా, గా డబ్బా తీసెయ్యుర్రి. పిల్ల తండ్రంటే భయం నేర్సుకుంటుంది" అంది తమ్ముడి భార్య.

"అలవాటైతది తియ్యమ్మా. మనం సాంచాల నడుమ పెరగలేదా?"

"సాంచా మన మొకం మీద మొకం పెట్టి అరవది బావా."

నేను వినలేదు. చెవులు డబ్బా తాళం వినే పనిలో ఉన్నాయి మరి.

టికెట్ ఖాయమైందని తమ్ముడు చెప్పిన శుక్రవారం డబ్బా అసలు ఊపిరాడనట్టు రొప్పుతోంది. "పాపా! వస్తున్న! వచ్చి నిన్ను ఎత్తుకుంట!" అని అతను రెండు చేతులూ చాచి అరిచాడు. అక్కడే బొమ్మ ఆగిపోయింది. తెరిచిన నోరు, మా మీదికి చాచిన చేతులు. కాసేపు అలాగే ఉండి తెర నల్లబడింది. చప్పుడు పోయింది. మాడిన దుమ్ము వాసన మాత్రం మిగిలింది.

పాప ఏడవలేదు. లేచి వెళ్లి, గొళ్లెం అందక, తన చిన్న కుర్చీని ఈడ్చుకెళ్లి వాకిలి తలుపుకు అడ్డం పెట్టింది.

మర్నాడు మూత విప్పాను. లోపల సాంచాల గది నుంచి వచ్చిన నూలు నూగు బూడిదరంగు పిల్లి పడుకున్నట్టు పేరుకుపోయి ఉంది. ఆ పాపం నాదే. దాన్ని పీకేస్తే కింద చల్లబరిచే పంకా కనిపించింది. దానికొక రెక్క లేదు. విరిగిన చోట మసి గట్టిపడి ఉంది, అంటే నేను కొనకముందే విరిగిందది. రెక్క లేక పంకా ఊగుతూ పక్క రేకుకు కొట్టుకుంటోంది. టక్, టక్, టక్. నేను ముచ్చటపడి కొన్న తాళం అదే. ఏ సాంచాకు ఏ జబ్బో వీధిలో నుంచే చెప్పగలనని పేరున్నవాణ్ని.

పంకా మార్పించి, డబ్బాను ముందుగదిలోకి జరిపాను. గుర్రు పోయింది. కానీ మిగిలిన శుక్రవారాలు చాలలేదు. తమ్ముడు మెల్లగా మాట్లాడినా పాప గడప దాటి రాలేదు.

అతను వచ్చిన రోజు కారు వాకిట్లో గుర్రుమని ఆగింది. పాప మంచం కింద ఉంది. తమ్ముడు బ్యాగు వదిలేసి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పిలవలేదు. చెయ్యి చాచలేదు. అన్నం కూడా అక్కడే తిన్నాడు. పొద్దుగూకే వేళకు చిన్న తల బయటికి వచ్చింది.

"చప్పుడేది?"

"లేదు బిడ్డా. ఇగ రాదు" అన్నాడు గుసగుసగా.

ఆమెను ఎత్తుకునేసరికి అతని సెలవు సగం అయిపోయింది.

అతను తిరిగి వెళ్లాక ఆ రెక్క విరిగిన పంకా పట్టుకుని దుకాణానికి పోయాను. "మీరు చెవి పెట్టి ఇని మరీ తీసుకుంటిరి గద కాకా" అన్నాడు దుకాణదారు. పంకాను సంచిలో వేసుకుని తిరిగొచ్చాను.

మా దగ్గర ఖరీదైన వస్తువు కొనాలంటే తెలిసిన మనిషిని వెంట తీసుకుపోతారు. నా చేతులతో కంప్యూటర్ విప్పానని పొక్కడంతో, మా వాడలో ఇప్పుడు ఆ తెలిసిన మనిషిని నేనే. ఎవరు పిలిచినా ముందు ఆ దుకాణానికే తీసుకెళ్తాను. చెడ్డమాట ఒక్కటీ చెప్పను. మూత తీయించి, కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు లోపలికి చూస్తాను. కనిపించేదాంట్లో నాకు తెలిసింది ఇప్పటికీ పావు వంతే. చూసి, "ఊఁ..." అని, తల కొంచెం అడ్డంగా ఊపి, "పోదాం పాండ్రి" అంటాను. ఎదుటి వరుసలో ఇంకో దుకాణం ఉంది, కొనేది అక్కడే.

ఈమధ్య నేను మెట్టెక్కుతుంటేనే అతను కుర్చీ వేస్తున్నాడు.

"రాండ్రి కాకా, ఛాయ్ తాగుర్రి. ఇగ లోపల సూసుడెందుకు?"

ఛాయ్ తాగుతాను. మంచి ఛాయే. తాగి కప్పు పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుంటూ, "జర మూత తియ్యి బిడ్డా" అంటాను.