జేబు దగ్గర మొదలయ్యే కవితలు

మా ఆయన బట్టలు కత్తిరించేవారు. నేను కుట్టేదాన్ని. వీధి మలుపులో ముందుగది దుకాణం, వెనకగది కాపురం. ఆయన కవి అన్న సంగతి పెళ్లయిన చాన్నాళ్లకు గాని నాకు తెలియలేదు. కత్తెర ఆడిస్తూ ఏదో గొణుక్కుంటుంటే కొలతలేమో అనుకునేదాన్ని. వచ్చేపోయేవాళ్లు "గొణుగుడు మాస్టారు" అని పేరు పెట్టారు. ఒక లావుపాటాయన అడగనే అడిగారు, "ఏం మాస్టారూ, నా నడుమునేనా తిట్టుకుంటున్నారు?" అని.

"మీ నడుము రెండు మాటల్లో తేలేది కాదులెండి" అన్నారు ఈయన, టేపు చుట్టుకుంటూ.

కాగితం మీద రాయడం ఆయనకు చేతనయ్యేది కాదు. కాగితం ముందు కూర్చుంటే చెయ్యి వణికేది. ఆ వణుకు తాగుడు అలవాటు కాకముందు నుంచీ ఉన్నదే. బల్ల మీద బట్ట పరిచి చేతిలో సుద్దబిళ్ల పెడితే మాత్రం చెయ్యి కుదురుగా ఉండేది. కొలత గీతలు గీస్తూ గీస్తూ బట్ట లోపలివైపు ఏదో రాసేవారు. తర్వాత ఆ గీతల వెంబడే కోసేవారు. రాసింది కూడా తెగేది. సగం వీపు ముక్క మీద, సగం చేతి ముక్క మీద, రెండు మాటలు కాలరు మీద.

ఆ ముక్కలన్నీ నా మిషను దగ్గరికి వచ్చేవి. నా చదువు అక్షరాలు కూడబలుక్కునేంతవరకే. సుద్ద దులిపేసే ముందు ఒకసారి కూడబలుక్కుని చదివేదాన్ని. చదివింది నోట్లో నానుతూ ఉండేది. చొక్కా పూర్తయ్యేసరికి ఆ మాటలు కూడా ఒకదానికొకటి అతుక్కునేవి. వారానికో నెలకో ఆయన "మొన్నటి గళ్ల చొక్కా ఏమంది?" అని అడిగేవారు. నేను అప్పజెప్పేదాన్ని. కళ్లు మూసుకుని విని, "నేనింత బాగా అన్నానా!" అనేవారు. నా నోట విన్నదాన్నే బయట స్నేహితులకు వినిపించేవారు.

మాకు ఒక్కతే కూతురు. బుల్లి అని పిలుచుకునేవాళ్లం. బడి లేనప్పుడల్లా కటింగు బల్ల కింద దూరి పీలికలు ఏరుకునేది. రెండో తరగతి చదువుతుండగా జ్వరంతో చనిపోయింది. ఆ తర్వాత ఆయన దాని పేరెత్తలేదు. నేను ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవారు. తాగి వచ్చేవారు. ఒకసారి కోటు గుడ్డను పంట్లాముకు కోసేశారు. అడిగితే, "ఏమవ్వాలో దానికీ తెలియదు, నాకూ తెలియదు" అన్నారు. గిరాకీ తగ్గింది. బట్టలు నా దగ్గరికి ఉత్తవిగా వచ్చేవి. ప్రతి ముక్కా తిరగేసి చూసేదాన్ని, ఏమీ ఉండేది కాదు.

కొన్నాళ్లకు మళ్లీ సుద్ద కనిపించింది. వాన గురించి, వీధి కుక్క గురించి, బస్సు కోసం నిలబడ్డవాళ్ల గురించి రాశారు. బుల్లి గురించి మాత్రం రాయలేదు. రాయలేదనే అనుకుంటున్నాను. అక్కడే నాకు తేలడం లేదు.

లివరు పాడై ఆయన పోయాక ప్రెస్సాయన వచ్చారు. బిల్లు పుస్తకాలు అచ్చు వేసుకునే మనిషి. మా ఆయనకు కలిసి తాగే నేస్తం, కూర్చుని వినే నేస్తం కూడా. స్నేహితులంతా కలిసి పుస్తకం వేద్దామనుకున్నారట.

"వాడివి ఎక్కడైనా రాసి ఉన్నాయా చెల్లెమ్మా?"

"చొక్కాల్లో ఉన్నాయన్నయ్యా."

"ఆ చొక్కాలెక్కడున్నాయి?"

"వేసుకున్నవాళ్ల దగ్గర."

ఆయన నవ్వబోయి మానేశారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. నేను చెబుతుంటే రాసుకునేవారు. ఒక్కో కవితా దాని బట్టతో సహా గుర్తుకొచ్చేది. ఇది బ్యాంకాయన కోటు, ఇది పోలీసు ఖాకీ. జేబు ముక్క మీద ఉన్నది ముందు చెప్పి, భుజాలు, కాలరు మీదుగా చేతుల దాకా వచ్చేదాన్ని.

"అదేంటమ్మా, అన్నీ జేబు దగ్గరే మొదలవుతున్నాయి?"

"నేను కుట్టే వరస అది. ఆయన రాసిన వరస నాకు తెలియదు."

ఆయన కలం పక్కన పెట్టేశారు. "ఒక మాట నుంచి ఇంకో మాటకు అలా దూకడం వాడికొక్కడికే వచ్చని ఇన్నేళ్లూ అందరికీ చెబుతున్నాను. ఆ దూకుడు నీ మిషనుదా?"

"ఏమో అన్నయ్యా. మధ్యలో ఖాళీ వస్తే నేనే ఏదో ఒక మాట వేసి అతికేదాన్ని."

"ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకమ్మా" అని మళ్లీ కలం తీసుకున్నారు.

ఒకరోజు, ఏదీ గుర్తు చేసుకోకుండానే, నా నోటికి ఇది వచ్చింది:

బల్ల కింద రెండు పాదాలు
పీలికలు ఏరుకుంటున్నాయి
నేను కోసి పారేసినదంతా నీకు బొమ్మలు
నిన్ను కోసుకుపోయినవాడు
ఏ కొలతలు తీసుకున్నాడమ్మా

ప్రెస్సాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇదొక్కటి చాలు. ఇది ఏ చొక్కా?"

నాకు ఏ బట్టా గుర్తుకు రాలేదు. రంగు కూడా రాలేదు.

మా ఆయన అక్క, మా వదిన, అక్కడే కూర్చుని కూరగాయలు తరుగుతోంది. "మా తమ్ముడా? బిడ్డ పోయిన మర్నాడే కత్తెరకు సాన పట్టించుకొచ్చాడు. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. కుట్టుకుంటూ నువ్వే అల్లుకుని ఉంటావు" అంది.

"కోసేది వాడు కదండీ. 'నేను కోసి' అని ఈవిడెందుకు అంటుంది?" అన్నారు ప్రెస్సాయన.

"మొగుడి నోటితో పెళ్లాం మాట్లాడదా ఏంటి? మీ ఇంట్లో మీరు మాట్లాడే మాటలన్నీ మీవేనా?"

ఆయన నవ్వి, అదీ నిజమేనన్నారు. నాకు నవ్వు రాలేదు. పుస్తకంలో ఎవరి పేరు ఉంటే నాకేంటి. అది ఆయనదైతే ఆయన బిడ్డ కోసం ఏడ్చినట్టు. నాదైతే ఆ ఇంట్లో ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే ఏడ్చినట్టు.

వాళ్లు వెళ్లాక కటింగు బల్ల దగ్గర ఆయన నిలబడే చోట నిలబడ్డాను. పైన చెక్క తప్ప కింద ఏమీ కనిపించలేదు. మిషను ముందు కూర్చున్నాను. బల్ల కిందంతా కనిపించింది. పాదాలు చూసింది నేనే అన్నమాట. అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది. తాగి వచ్చిన రోజుల్లో ఆయన మిషను పక్కన నేల మీదే పడుకునేవారు, మొహం బల్ల వైపు పెట్టి. అప్పటికి పిల్ల లేదు. లేని పిల్ల పాదాలు చూశారేమో. మరి నేను కూడా చూస్తూనే ఉన్నాను కదా. ఎటు లాగినా కుట్టు ఊడి వస్తోంది.

ప్రెస్సాయన అచ్చు కాగితాలు పట్టుకుని వచ్చారు. ఆ ఒక్క పేజీ సంగతి తేల్చమన్నారు.

"తాగినప్పుడైనా మీ దగ్గర దాని మాట ఎత్తారా అన్నయ్యా?"

"ఎత్తేవాడమ్మా" అన్నారు వెంటనే. కాగితం చివర మడిచి, మళ్లీ సాపు చేశారు. "ఎత్తబోయి ఆగిపోయేవాడు." ఇంకాసేపటికి, "నేనూ తాగే ఉండేవాణ్ని కదా, సరిగ్గా గుర్తులేదు" అన్నారు.

ఆయన అబద్ధం చెబుతున్నారో, నిజమే అలా తడబడుతోందో నాకు తెలియలేదు.

"వెయ్యండి" అన్నాను.

"వాడి పేరుతోనేగా?"

"ఆయన పేరుతోనే. అప్పుడు ఏడవకపోతే ఇప్పుడైనా ఏడవనివ్వండి."

పుస్తకం వచ్చింది. వదిన గుమ్మంలో కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగింది. పెదాలు కదుపుతూ చదివింది. మళ్లీ చదివింది. చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంత లోపల పెట్టుకుని తిరిగాడా వెధవ" అంది. నువ్వే అల్లుకున్నావని తనే అన్న సంగతి మరిచిపోయినట్టుంది. గుర్తు చెయ్యడానికి నాకు నోరు రాలేదు. "నీతోనైనా చెప్పాడా?" అని అడిగింది.

నేను ఆవిడ మొహం వంక చూశాను. అచ్చం ఆయన ముక్కే.

"చెప్పారనే అనిపిస్తోంది వదినా, ఇప్పుడు" అన్నాను.