నలభై ఏడో షీటు

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను నవ్వేవాణ్ణి కూడా కాదు, విసుక్కునేవాణ్ణి. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. కొలవడానికి వీల్లేనిదాన్ని నమ్మొద్దని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు రాసేది కొలిచి చూసిన విషయమే. రాస్తుంటే భయం వేయడం లేదు, కోపం వస్తోంది.

సునీత, నేను ఒకే గైడు దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్ళం. ఆమెది జమ్మలమడుగు. వాళ్ళ నాన్న చర్చి బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాడు. మాది లిక్విడ్ క్రిస్టల్స్ మీద పని. అంటే, నీళ్ళలా పారుతూనే లోపల అణువులు మాత్రం వరసగా నిలబడి ఉండే పదార్థాలు. వాటిలో కొన్ని వేడిని బట్టి రంగు మారతాయి.

నేను ల్యాబులో కూర్చుని గ్రాఫులు గీసుకునేవాణ్ణి. సునీత ఆ పదార్థాన్ని పల్చటి ప్లాస్టిక్ పొరలో సన్నటి చుక్కలుగా బంధించి, అరచేతంత షీట్లు తయారుచేసేది. షీటును గొర్రె పొదుగుకు ఆనిస్తే మామూలు వేడికి ఎర్రగా కనిపించాలి. లోపల జబ్బు మొదలైతే ఆ చోటు నీలంగా మారాలి. వాపు రాకముందే తెలిస్తే మందు వేయొచ్చు, పాలు ఎండిపోవు, పిల్ల బతుకుతుంది.

పులివెందుల దగ్గర నాగన్న అనే కాపరి మందలో వాటిని పరీక్షించేది. పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని వచ్చేది. చిక్కల్లా ఒక్కటే. మా ఎండలకు షీటు నాలుగు రోజుల్లో తెల్లబడిపోయేది. లోపలి చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ప్రతి షీటు మూలన నంబరు వేసి, ఎలా చేసిందో నోటుబుక్కులో రాసేది. ఏడు అంకె నడుమ అడ్డగీత గీయడం ఆమె అలవాటు.

నలభై ఆరో షీటు వివరాలు రాసిన మర్నాడే జ్వరమని ఇంటికి వెళ్ళింది. ఐదో రోజు ఆస్పత్రిలో చనిపోయింది. జమ్మలమడుగులో సమాధి చేసేటప్పుడు నేనూ గుప్పెడు మట్టి వేశాను.

వారం తిరక్కముందే గైడు నన్ను తన గదికి పిలిచాడు. షీట్ల మీద సునీత రాసిపెట్టిన పరిశోధన పేపరు బల్ల మీద ఉంది. మొదట ఉన్న ఆమె పేరు కొట్టేసి ఉంది.

"పోయినామె వచ్చి సంతకం పెడ్తాదా యేంది? ఆడ నీ పేరు రాయప్పా. నీ పీహెచ్‌డీ కూడా అయిపోతాది," అన్నాడు.

నేను రాశాను. అందుకే ఈ కోపంలో సగం నా మీదే.

పేపర్లో వేయడానికి మంద ఫోటోలు కావాలని గైడు నన్ను నాగన్న దగ్గరికి పంపాడు. అప్పటికి ఆమె పోయి మూడు వారాలైంది. పొద్దున పది గంటలు. చావు కబురు ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగానే నాగన్న అడిగాడు.

"అమ్మ రాల్యా సార్? టీకాలోళ్ళు వచ్చిన దినం వచ్చిండె గదా. ఇది ఎండకు తట్టుకుంటాదని చెప్పి ఇచ్చి పాయె. శానా అలిసిపోయిండె. నీళ్ళిస్తే కూడా తాగల్యా."

గుడిసె కప్పు మీంచి షీటు తీసి నా చేతిలో పెట్టాడు. మూలన నలభై ఏడు. ఏడు నడుమ అడ్డగీత.

ఏ రోజని అడిగాను. గొర్రెల టీకా కార్డు తెచ్చి చూపించాడు. ఆ తేదీకి సునీతను పూడ్చి పదకొండు రోజులు. ఆ మాట చెప్పేసరికి నాగన్న గుడిసె వైపు తిరిగి కేకేశాడు. అతని భార్య గుడిసెలోంచి బయటికొచ్చింది.

"నేను కూడా మాట్లాడితి సార్. ఆ నల్లగొర్రెకు తనే షీటు పెట్టి సూపిచ్చె. ఎడమ పక్క నీలంగా వచ్చె. అప్పుడే మందేస్తిమి," అంది.

"మరి ఆయమ్మ యాడ్నించి వచ్చింది సార్?" అని నాగన్న అడిగాడు.

షీటు పది రోజులుగా అతని గుడిసె కప్పు మీద ఎండలోనే ఉందట. ఎక్కడా తెల్లబడలేదు. రెండ్రోజులకు తిరిగిస్తానని చెప్పి తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. చుక్కలన్నీ ఒకే సైజులో, దేనికది విడిగా ఉన్నాయి. పదిసార్లు వేడి చేసి చల్లార్చాను. ప్రతిసారీ అదే వేడికి అదే రంగు. నోటుబుక్కు ఆఖరి అట్ట దాకా తిరగేశాను. నలభై ఏడు లేదు. జ్వరంతో వెళ్తూ ఆమె ల్యాబు తాళం నాకే ఇచ్చింది. ఆ తర్వాత అది నా జేబు దాటలేదు.

గైడుకు అంతా చెప్పాను. ఎవరు ఇచ్చారన్నది ఆయనకు పట్టలేదు.

"ఫార్ములా యాడుంది? దొరికితే ఇది కూడా మన పేపర్లోనే వేస్తాం. యాడిదని ఎవరడుగుతారు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆమె పేరు లేకుండా ఈ షీటు మీ చేతికి రాదు. నా పేరు కూడా కొట్టేయండి సార్," అన్నాను. కొట్టేశాడు. నా బదులు ఇంకొకరి పేరు రాసుకున్నాడు. పేపరు అచ్చయింది, ఆయనకు శాలువా కప్పారు. పేపరు వేసిన సైన్సు పత్రికవాళ్ళకు ఉత్తరం రాస్తే వాళ్ళు మా డిపార్ట్‌మెంటును అడిగారు. సునీత అనే మనిషి ఈ పని చేసినట్టు రికార్డుల్లో లేదని డిపార్ట్‌మెంటు జవాబిచ్చింది. నా పీహెచ్‌డీ అక్కడితో ఆగిపోయింది.

షీటు తీసుకుని జమ్మలమడుగులో వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాను. మూలన ఉన్న అంకెను ఆయన వేలితో తడిమాడు. తర్వాత, "దీంతో గొర్రెలు బాగుపడతాండాయా నాయనా?" అని మాత్రం అడిగాడు. నాగన్న మందలో బాగుపడుతున్నాయన్నాను. "అయితే ఆయప్ప దగ్గరే ఉండనీ," అన్నాడు.

నాగన్నకు ఇచ్చేశాను. రెండు వేసవులు గడిచినా ఆ షీటు తెల్లబడలేదు. అలాంటిది చేయాలని నేను ఆదివారాలన్నీ మా కాలేజీ ల్యాబులోనే గడుపుతున్నాను. చేసినవన్నీ నాలుగో రోజుకు పాలలా తెల్లబడుతున్నాయి.

నాగన్న తేదీ పొరబడ్డాడనుకుందామంటే కార్డు ఉంది. ఎవరో ఆమెలా వచ్చారనుకుందామంటే, అలాంటి షీటు చేయగల మనిషి నాకు తెలిసి ఇంకొకరు లేరు. ఆ రోజు నాగన్న మంద దగ్గరికి ఎవరు వచ్చారో నేను చెప్పలేను. వచ్చింది సునీతే అయితే, ల్యాబుకు రాలేదు, నా దగ్గరికీ రాలేదు. ఎందుకు రాలేదో మాత్రం నాకు తెలుసు.