ఇరవై రెండు ఇళ్ళు, ఒక కుర్చీ

పన్నెండేళ్ళుగా నా మనసులో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. నవ్వొస్తే నవ్వండి. నీలం రంగుది. ఒక చెయ్యి విరిగితే, కడ్డీలు కట్టే ఇనుప తీగతో చుట్టి నిలబెట్టారు. దాని గురించి మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, ఏ దేవుడి ముందూ నోరు విప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ మాత్రం దూరం లేకపోతే నాకు మాట పెగలదు.

నేను హైటెక్ సిటీలో ఒక పెద్ద కంపెనీలో పనిచేస్తాను. కంపెనీ సమాజసేవకని పక్కన పెట్టే నిధులు ఎవరికి అందాలో చూసే విభాగం నాది. అంటే పేదవాళ్ళలో ఎవరు ఎక్కువ పేదో తేల్చే పని. అద్దాల గదిలో కూర్చుని ఆ పని బాగా చేస్తానని నాకు పేరుంది. ఆ పేరు ఎక్కడ సంపాదించానో ఇప్పుడు చెబుతాను.

డిగ్రీ అయిపోయిన కొత్తలో సర్వేలు చేసే ఒక చిన్న సంస్థలో చేరాను. ఇప్పుడు నేనున్న ఈ కంపెనీయే అప్పట్లో కూలీల పిల్లల కోసం ఒక సెంటర్ పెట్టాలనుకుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చంటిపిల్లల్ని చూసుకుంటారు, అన్నం పెడతారు, తల్లులు నిశ్చింతగా పనికి పోవచ్చు. కానీ సెంటర్ ఒక్కటే. చోట్లు రెండు. ఒకటి కొండాపూర్‌లో పాలమూరు వాళ్ళ గుడిసెలు. రెండోది మూసాపేటలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళ ఇరుకు గదులు. రెండు చోట్లా ఎన్నో ఏళ్ళ కిందట కట్టుబడి పనికి వచ్చి ఉండిపోయినవాళ్ళే. పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడే పెరుగుతున్నా, వలసవాళ్ళు అన్న మాట మాత్రం వదల్లేదు. ఈ ఇద్దరిలో ఎవరి బతుకు కాస్త నయంగా ఉందో పోల్చి చెప్పాలి. నయంగా లేనివాళ్ళకు సెంటర్. అక్కడ ఇరవై రెండు ఇళ్ళు, ఇక్కడ ఇరవై రెండు ఇళ్ళు. పోల్చేది నేను.

మా మేనేజర్‌కు నేను చెప్పని సంగతి ఒకటుంది. మూసాపేటలోని ఆ గదుల్లోనే నేను పుట్టాను. మా అమ్మానాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆ వీధిలో సగం మంది నాకు పిన్ని వరసో మామయ్య వరసో అవుతారు. ఆ ఏడాదే మా వదిన, పదకొండు నెలల పిల్లాణ్ణి చూసే దిక్కులేక, పని మానేసి ఇంట్లో కూర్చుంది. అన్నయ్య ఒక్కడి కూలితో ఇల్లు ఈడుస్తున్నారు. సర్వే సంగతి తెలిసి అమ్మ నన్ను వంటగదిలోకి పిలిచి, "మనోలికి రాకపోతే ఇంకెవులికొస్తాదే, నీ సేతిలో పనే కదా" అంది. నేనేమీ అనలేదు. అనకపోవడమే ఒప్పుకోవడమని మా ఇద్దరికీ తెలుసు.

ఫారంలో కుర్చీ, మంచం, ఫ్యాన్, టీవీ, ఫ్రిజ్, కుక్కర్ అని వరసగా ఉంటాయి. ఉన్నవాటికి టిక్ పెట్టాలి. ఒక నియమం కూడా ఉంది. ఇంటివాళ్ళు చెప్పింది కాదు, మన కంటికి కనిపించింది రాయాలి. ఎంత మంచి నియమమో చూడండి. దాని వెనక నేను పన్నెండేళ్ళు దాక్కున్నాను.

మొదట మూసాపేట వెళ్ళాను. మా వాళ్ళకు కాగితాలు పట్టుకుని వచ్చే మనిషి కొత్త కాదు. అలాంటివాళ్ళు వస్తే తెల్లకార్డు పోతుందన్న భయం. నా చిన్నప్పుడు నాన్న అలాంటి కబురు అందగానే టీవీని మంచం కిందికి తోసి దుప్పటి కప్పేవాడు, మేము ఆ మంచం మీద అమాయకంగా కూర్చునేవాళ్ళం. ఆ విద్య ఎవరూ మరిచిపోలేదు. ఒక పిన్ని ఫ్రిజ్ మీద చీర కప్పి, పైన దేవుడి పటాలు పెట్టి, రెండు అగరొత్తులు కూడా వెలిగించింది. కింద తీగ ప్లగ్గులోనే ఉంది. దేవుడి గూడు గుర్రుమని శబ్దం చేస్తోంది. ఆమె నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. ఫ్రిజ్ లేదు అని రాశాను. కనిపించిందే కదా రాయాలి.

ఇంతవరకే అయితే, మనవాళ్ళ మీద మమకారం అని సర్దుకునేదాన్ని. ఎవరు చెయ్యరు అని అడిగేదాన్ని. కానీ మర్నాడు కొండాపూర్ వెళ్ళాను.

అక్కడి వాళ్ళకు దాచడం తెలియదు. మనిషి ఇంటికి వస్తే మర్యాద చెయ్యడం తెలుసు. మొదటి గుడిసెలో నాకు నీలం కుర్చీ వేశారు, టేబుల్ ఫ్యాన్ పెట్టారు. రెండో గుడిసెలోనూ నీలం కుర్చీ, టేబుల్ ఫ్యాన్. మూడో గుడిసెలో కుర్చీ చేతికి చుట్టిన ఇనుప తీగ నా చున్నీ అంచుకు తగులుకుంది. రెండో ఇంట్లోనూ అక్కడే తగులుకుంది. బయటికి వస్తూ వెనక్కి తిరిగి, రేకుల సందులోంచి చూశాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి, నేను లేచిన కుర్చీని నెత్తిన పెట్టుకుని గుడిసెల వెనక నుంచి తరవాతి ఇంటికి పరుగెడుతోంది. దాని వెనకే ఒకామె ఫ్యాను చంకన పెట్టుకుని వెళ్తోంది. వాడంతటికీ కుర్చీ ఒక్కటే. ఫ్యాను ఒక్కటే. నేను కింద కూర్చోకూడదని, నాకు చెమట పట్టకూడదని, అవి నాకంటే ముందు ఇల్లిల్లూ తిరుగుతున్నాయి.

అయిదో గుడిసె ఆ పిల్లదే. పిల్ల పేరు సరిత, తల్లి పేరు యాదమ్మ. చంకలో ఏడాది కూడా నిండని కొడుకు, కొంగు పట్టుకుని ఇంకొకడు. ఆ ఇంట్లో మాత్రం నేను ఉండబట్టలేక అడిగాను. ఈ కుర్చీ మీదేనా అన్నాను.

"మాది గాదు మేడం, ఎన్కటి వరుసల పోచమ్మోళ్ళది" అంది యాదమ్మ. "సదువుకున్నోళ్ళు ఇంటికొస్తే కింద కూసోవెడ్తమా? మాకు ఇజ్జత్ ఉండదా?"

నేను తలూపాను. పెన్ను ఫారం మీద ఆగింది. ఆమె కొడుకును ఇంకో చంకకు మార్చుకుని, కాస్త దగ్గరికి జరిగింది.

"పిల్లల సెంటర్ వస్తదంటున్నరు. వస్తే ఈ పోరగాండ్లను ఆడ ఇడిసిపెట్టి పనికి పోత. మా సరిత బడి మానకుంట ఉంటది. మూడో తరగతిల ఫస్ట్ వచ్చింది మేడం. జర మంచిగ రాయుండ్రి."

రాస్తాను అన్నాను. ఆమె కళ్ళముందే కుర్చీకి టిక్ పెట్టాను. ఫ్యాన్‌కు టిక్ పెట్టాను. నేను వేసే గీతలన్నీ తన కూతురి బడి కోసమే అనుకుని ఆమె నవ్వుమొహంతో చూస్తూ నిలబడింది.

గమనించారు కదా. ఆమె అబద్ధం చెప్పలేదు. అడిగిన వెంటనే మాది కాదని చెప్పింది. అబద్ధం నేను రాశాను. మూసాపేటలో ఉన్నది లేదని, కొండాపూర్‌లో లేనిది ఉందని. ఒక చోట కప్పిన చీరను గౌరవించాను, ఇంకో చోట చేసిన గౌరవాన్నే వాళ్ళ నెత్తిన వేశాను. మిగిలిన పదిహేడు ఇళ్ళలోనూ అదే కుర్చీ మీద కూర్చుని పదిహేడుసార్లు అదే టిక్ పెట్టాను. వాటిలో ఒక్క ఇంట్లోనైనా పెన్ను ఆగిందా? గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఆగలేదు. ఎండ ఎక్కువగా ఉంది, త్వరగా అయిపోతే బాగుండుననుకున్నాను. అంతే అనుకున్నాను.

మా వదిన కోసం చేశానా? అలాగే చెప్పుకుంటూ వచ్చాను చాలా ఏళ్ళు. అది సగం నిజం. మిగతా సగం ఇంకా నీచమైనది. ఆ రెండు పట్టికలూ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని, అంత తేడా పట్టుకొచ్చిన పిల్ల ఎవరని పైవాళ్ళు అడుగుతారని నాకు ముందే తెలుసు. అడిగారు కూడా.

పెద్ద మీటింగు పెట్టారు. తెర మీద రంగురంగుల గడులు. పాలమూరు మూలాలున్న కుటుంబాలు గృహవస్తువుల విషయంలో మెరుగ్గా స్థిరపడ్డాయని మా మేనేజర్ చదివాడు. కొండాపూర్‌లో ఇరవై రెండు ఇళ్ళు, ఇరవై రెండు కుర్చీలు, ఇరవై రెండు ఫ్యాన్లు. ఒక్క ఇల్లు కూడా తప్పిపోకుండా ఇంత సమానంగా ఎలా వచ్చాయని అక్కడున్న పెద్ద చదువుల వాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఒకాయన నా వైపు తిరిగి, ఇల్లిల్లూ చూసి వచ్చింది మీరు కదా, మీకేమనిపించింది అని అడిగాడు. దేవుడు మనిషికి తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వడంటారు. నాకు ఇచ్చాడు, చక్కగా మైకు కూడా చేతికిచ్చాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి సార్ అన్నాను. రెండు నెలలు తిరక్కుండా ఆ కంపెనీయే నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది.

సెంటర్ మూసాపేటకు వచ్చింది. మా మేనల్లుడి పేరు రిజిస్టరులో మూడోది. వదిన మళ్ళీ పనికి వెళ్ళింది. వాడు ఇప్పుడు బాగా చదువుతున్నాడు, నాకు ముద్దు. వాణ్ణి చూస్తే సంతోషమే వేస్తుంది, ఆ సంతోషం కింద ఇంకో పిల్ల లెక్కకు రాకుండా పోయిందని గుర్తొస్తుంది. కొండాపూర్ గుడిసెల వైపు మళ్ళీ వెళ్ళలేదు. క్యాబ్ ఆ దారిన పోతే ఫోన్లో తల దూర్చేదాన్ని. కొన్నాళ్ళకు అక్కడ పనులయిపోయి గుడిసెలు లేపేశారు, ఒక అపార్ట్‌మెంటు లేచింది. ఇక నన్ను అడిగేవాళ్ళు లేరని ఊపిరి పీల్చుకున్నాను.

మూడు నెలల కిందట మా ఆఫీసు మూడో అంతస్తులో ఒకమ్మాయి నన్ను ఆపింది. హౌస్‌కీపింగ్ యూనిఫాం, చేతిలో తడిబట్ట. "మీరు కుర్చీ మేడం కదా" అంది. అప్పట్లో వాళ్ళ వాడలో నాకు ఆ పేరు పెట్టుకున్నారట. కుర్చీ మోసి మోసి ఆ రోజు తన నెత్తి నొప్పి పెట్టిందని చెప్పి నవ్వింది. సరిత.

తరవాత రోజూ కాస్త కాస్త చెప్పేది. ఆ ఏడాది జూన్‌లోనే బడి మాన్పించారట, తమ్ముళ్ళను చూసుకోవడానికి. ఇప్పుడు తనకు పద్నాలుగు నెలల కూతురు. యాదమ్మకు నడుము పోయింది, ఇక పనికి పోలేదు, పాపను ఆమె దగ్గరే వదిలి సరిత వస్తుంది. మూడో అంతస్తులో మా కంపెనీ పిల్లల కోసం ఒక సెంటర్ ఉంది. ఉద్యోగుల పిల్లలకు మాత్రమే. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళ పిల్లలకు కుదరదు. ఆ గదిలో నేల తుడిచేది, బొమ్మలు కడిగి ఆరబెట్టేది సరిత. తన పాపకు ఒక చోటు దొరుకుతుందా మేడం అని అడిగింది. నేను పైవాళ్ళకు రాశాను. నియమాలు ఒప్పుకోవని జవాబు వచ్చింది. ఆ నియమాల కాగితం కింద నా సంతకం కూడా ఉంది, మూడేళ్ళ కిందటిది. చదవకుండా పెట్టాను.

ఆ జవాబు చెప్పడానికి పోయిన వారం సరితను లిఫ్ట్ పక్కకు పిలిచాను. విని, పర్వాలేదు మేడం అంది. మా ఇంటికి రాసిపెట్టి లేదు అని నవ్వింది. తరవాత, చాలారోజులుగా ఏదో అడగాలనుకుంటున్నట్టు నన్ను చూసింది.

"మా అమ్మ ఇప్పటికీ అంటది మేడం. ఆ దినం పాలు లేని చాయ్ ఇచ్చినమని మీకు కోపమొచ్చిందట, అందుకే మా పేరు రాయలేదట. నా బడి బంద్ అయినందుకు గా చాయే కారణమని ఏడుస్తది. నిజమేనా?"

నాకు ఆ చాయ్ గుర్తే లేదు. తాగానో లేదో కూడా గుర్తులేదు. పన్నెండేళ్ళు నేను ఒక కుర్చీని తలుచుకుని, ఆహా నేనెంత బాధపడుతున్నానో అనుకుంటూ ఉంటే, అక్కడ యాదమ్మ కూతురి బడి పోగొట్టిన పాపం తన మీద వేసుకుని, పాలు ఎక్కడైనా అడిగి తేవాల్సిందని కుమిలిపోతూ ఉంది. నా బాధ ఎంత సుఖమైన బాధో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

చెప్పేశాను. చాయ్ కాదన్నాను. కుర్చీ ఒక్కటేనని నాకు తెలుసు, మీ అమ్మ తన నోటితో చెప్పింది కూడా, అయినా అందరికీ ఉన్నట్టు రాశాను, సెంటర్ మా వాళ్ళకు పోయింది, నాకు ఉద్యోగం వచ్చింది అన్నాను. ఏడవలేదు. ఏడిస్తే ఆ పిల్ల నన్ను ఓదార్చాల్సి వస్తుంది, ఆ పని కూడా ఆమెతో చేయించకూడదనుకున్నాను.

సరిత చేతిలోని తడిబట్టను మడిచింది. అప్పుడే తెలుసా మీకు అని ఒక్కటే అడిగింది. తెలుసు అన్నాను. తడిబట్ట బకెట్‌లో వేసి వెళ్ళిపోయింది. ఆ తరవాత నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే గోడవైపు జరిగి దారి ఇస్తుంది, అందరికీ ఇచ్చినట్టే. కుర్చీ మేడం అనడం మానేసింది. క్షమించమని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. ఆమె క్షమించకూడదనే నాకూ ఉంది.

నిన్న మాత్రం, బకెట్ తోసుకుంటూ నా పక్కనుంచి పోతూ, ఆగకుండా, అమ్మకు చెప్పిన అంది. అంతే అంది. యాదమ్మ ఏమందో అడగలేకపోయాను. నన్ను తిట్టే ఉంటుంది. తిట్టాలి. ఇకమీదట ఆ ఇంట్లో తిట్టడానికి నేనున్నాను, ఆమె తనను తాను తిట్టుకోనక్కర్లేదు.