నూకమ్మ ఓటు ఎవరి వంతు?

2021 పంచాయతీ ఎన్నికలు. నౌపడ దగ్గర ఉప్పుమళ్ళు దాటాక వచ్చే ఒక మత్స్యకార పల్లెలో నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. అంటే ఆ ఒక్కరోజుకీ ఆ పోలింగ్ కేంద్రానికి పెద్దదిక్కునన్నమాట. మిగతా రోజుల్లో కోటబొమ్మాళి వైపు ఒక బడిలో లెక్కలు చెప్పుకునే మాస్టారిని. ఎన్నికల డ్యూటీ అనగానే మావాళ్ళలో సగంమందికి జ్వరాలొస్తాయి. నాకు మాత్రం పెళ్ళికి వెళ్తున్నంత సరదా.

ఆ పల్లెలో ఓటు మనిషిది కాదు, ఇంటిది. ఇంటి పెద్ద ఏ గుర్తంటే ఇంటిల్లిపాదీ ఆ గుర్తుకే. ఏ ఇల్లు ఎటుందో చెప్పుకుని, పెట్టె తెరవకముందే ఫలితం తేల్చేస్తారు. ఆ ఏడాది మాత్రం వాళ్ళ లెక్క చెడింది. సర్పంచి పదవి మహిళలకు రిజర్వు కావడంతో ఒకే అత్తకు కోడళ్ళయిన ఇద్దరు పోటీకి దిగారు. పెద్దకోడలిది ఉంగరం గుర్తు, చిన్నకోడలిది కత్తెర.

ఆ అత్త పేరు నూకమ్మ. డెబ్భై దాటిన మనిషి. పదకొండు గంటలవేళ ఇద్దరు కొడుకులూ చెరో రెక్కా పట్టుకుని ఆమెను లోపలికి తెచ్చారు. చూపు ఆనదట. అలాంటి ఓటరుతో లోపలికి వెళ్ళి, ఆమె చెప్పిన గుర్తు మీద ముద్ర వేసే మనిషిని మేం ‘కంపానియన్’ అంటాం. ఒక్కరికే అనుమతి, ఆ ఒక్కరెవరో ఓటరే చెప్పాలి.

“అమ్మకి నాను తోడెల్తాను. పెద్దకొడుకుని,” అన్నాడు అప్పన్న.

“అదేటి? ఈ నెల అమ్మ నా వంతు,” అన్నాడు చిన్నవాడు సోమేసు. నా వైపు తిరిగి, “నెలకొకలం కూడెడతన్నాం మేస్టారూ. ఈ నెల కూడు నాది, ఓటూ నాదే.”

“ఓటుని కూట్లో కలిపీసినావేట్రా?” అన్నాడు అన్న.

“అయితే వచ్చే నెల ఎలచ్చన్లెట్టించు, నువ్వే ఎల్దువు గాని!”

వరసలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. నాకూ నవ్వాగలేదు. ఇన్ని శిక్షణ తరగతులకు వెళ్ళాను గాని, ఓటుకు వంతులుంటాయని ఎవరూ చెప్పలేదు. తీరా నూకమ్మ ముఖం చూస్తే ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

కొడుకులిద్దర్నీ గుమ్మం బయటికి పంపి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. “ఎవర్ని తోడు తీసుకెళ్తావమ్మా?” అని మెల్లగా అడిగాను.

“ఎవుల్ని సెప్పమంటావు బాబూ? పెద్దోడంటే ఈ పూటే సిన్నోడి గుమ్మం మూసుకుంటాది. సిన్నోడంటే వచ్చే నెల పెద్దోడి గుమ్మం. పోనీ ఎయ్యకుండా పోదునా అంటే మనసొప్పదు. ఇన్నేళ్ళూ మా ముసిలోడు సెప్పినదానికే ఏసినాను. ఈపాలి నాకు నచ్చినదానికి ఎయ్యాలని ఆశ.”

నా మనసు చివుక్కుమంది. “బొత్తిగా కనిపించదా?” అన్నాను.

“కనిపించకేటి! ఒడ్డునుండి సూసి, వస్తన్న పడవ ఎవులిదో సెప్పీగల్ను. సేతిలో కాయితమే అలికీసినట్టుంటాది.”

ఓస్, ఇది చత్వారమే! నాకూ ఉన్నదే. నా కళ్ళద్దాలు తీసి, తుడిచి ఆమెకు పెట్టాను. ఆమె ముందు తన చెయ్యి చూసుకుంది.

“ఓలమ్మా! నా సేతికిన్ని ముడతలున్నాయేటి!”

కళ్ళద్దాలు అరువివ్వకూడదని నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు. అభ్యర్థుల తరఫున కూర్చున్న ఇద్దరు ఏజెంట్లనూ అడిగితే అభ్యంతరం లేదన్నారు. గులాబీరంగు బ్యాలెట్ కాగితం చేతికిచ్చాను. “ఇదిగో ఉంగరం, ఇదిగో కత్తి...” అని ఆమె పైకి చదవబోతుంటే, “అమ్మా, మనసులో చదువుకో!” అని ఆపాల్సొచ్చింది. ఓటేసే అట్టల చాటుకు వెళ్ళి చాలాసేపు రాలేదు. వెనకవాళ్ళు గొణుగుతున్నా నేను తొందరపెట్టలేదు. చివరికి కాగితం మడిచి, తన చేత్తోనే పెట్టెలో వేసి, కళ్ళద్దాలు నాకిచ్చేసి ఒంటరిగా నడిచి బయటికెళ్ళింది.

“ఏ గుర్తుకేసినావే అమ్మా?” అని గుమ్మంలోనే ఇద్దరూ పట్టుకున్నారు.

“కనిపించినదానికి,” అంది.

సాయంత్రం లెక్కింపులో కొద్ది తేడాతో పెద్దకోడలు గెలిచింది. సోమేసు నేరుగా నా దగ్గరికొచ్చాడు. “మేస్టారూ, మాయమ్మ దేనికేసిందో సెప్పండి.”

“పెట్టెలో కలిసిపోయాక దేవుడికి కూడా తెలీదయ్యా,” అన్నాను.

ఆ మాటకి అతని ముఖం విప్పారింది. “అయితే మాకే ఏసుంటాది. మా వంతు కదా!” అని వెళ్ళిపోయాడు. అటుపక్క పెద్దకోడలు అత్తను కౌగిలించుకుని, “మాయత్త ఓటుతోనే గెలిసినాను,” అని ఊరంతటికీ చెబుతోంది.

మా బస్సు వచ్చింది. ఎక్కబోతూ, “అనుమానం తీర్చెయ్యకూడదూ వాళ్ళకి?” అన్నాను నూకమ్మతో.

“సెప్తే ఒకడే మిగుల్తాడు బాబూ. ఇప్పుడిద్దరూ ఉన్నారు.”

ఓటు రహస్యమని శిక్షణలో లెక్కలేనన్నిసార్లు విన్నాను. అది ఏ రౌడీ నుంచో ఓటరును కాపాడటానికే అనుకునేవాణ్ణి. ఆ రోజు అదే రహస్యం ఒక తల్లికి కొడుకులిద్దర్నీ మిగిల్చింది.

సిగ్గుపడాల్సిన మాట ఒకటుంది. ఆ పల్లెను చూసి నవ్వాను గాని, మా ఇంట్లో మాత్రం? మా ఆవిడ కూడా అన్నేళ్ళూ నేను చెప్పిన గుర్తుకే వేసింది. 2024లో నాకు డ్యూటీ పడలేదు. ఇద్దరం కలిసే వెళ్ళాం, దారిలో నేనేమీ చెప్పలేదు. వేలి మీద సిరాతో బయటికొచ్చి, నన్ను చూసి ముసిముసిగా నవ్వింది. ఎవరికేశావని నాలుక చివరిదాకా వచ్చింది.

ఇప్పటికీ అడగలేదు.