వాగుకు కాపలా ఉన్న మా పెద్దబాపు

పెద్దబాపు పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను తుక్కుగూడలో టిప్పర్‌కు మట్టి నింపించుకుంటున్నాను. "దవాఖానకు తీస్కపోయేవరకే పానం పోయింది తమ్మీ" అంది. బండి తాళం మేస్త్రీ చేతిలో పెట్టి ఇబ్రహీంపట్నం వచ్చాను. దారంతా ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎందుకో చెప్తాను.

ఆయన మా నాన్నకు అన్న. మాది చేపలు పట్టే ఇల్లు. గుట్టల మీది రక్షిత అడవిలో పుట్టిన వాగు, అడవి కంచె దాటి వచ్చి మా చెరువులో కలుస్తుంది. తొలకరికి వాగు పారగానే చేపలు ఎదురెక్కి, అడవిలోని మడుగుల్లోకి పోయి గుడ్లు పెడతాయి. ఆ మూడు రోజులు వాగులో వల వేయకూడదు. అది మా వాళ్ల కట్టుబాటు. కాపలా పెద్దబాపుది. గొంగడి కప్పుకొని ఒడ్డున నిలబడేవాడు. వలతో వచ్చిన వాణ్ణి మొహం మీదే అడిగేవాడు.

"కాన్పుకు తల్లిగారింటికి పోయే పిల్లకు అడ్డం నిలవడ్తవారా? జర సిగ్గుండాలె."

"నువ్వేమన్న మంత్రసానివా పెద్దయ్యా?"

"అవ్, మంత్రసానినే. వల ఇటియ్యి."

నాలుగో రోజు ఆ వలను తనే వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చేవాడు, చిరుగులుంటే కుట్టి మరీ. ఆ మూడు రోజులూ మా ఇంట్లో చేపల కూర వండితే ముట్టేవాడు కాదు. పచ్చిపులుసుతో తిని లేచేవాడు.

మొన్న ఎండాకాలం, కంచె పక్కన ఎండిపోయిన ఆ వాగులోనే, కూల్చిన బిల్డింగు రాళ్లు, సిమెంటు పెళ్లలు తెచ్చి పోశాను. మేస్త్రీ చూపించిన చోటు. ప్లాట్లకు దారి వేస్తారట. నీళ్లు లేని వాగు నా కంటికి ఉత్త గుంతలా కనబడింది. చేపలోళ్ల ఇంట్లో పుట్టిన నాకు!

పెద్దబాపు వచ్చి ఆ కుప్ప మీద కూర్చున్నాడు.

"ఎవడు పోసిండ్రా గిది?"

"నేనే. అందరు పోస్తున్నరు గదా పెద్దబాపూ."

"అందరికి వాగు తెల్వదు. నీకు తెల్సు."

కుప్ప దిగి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది. ఎమ్మార్వో ఆఫీసుకు పోయి చెప్తే "సర్వే చేస్తాం" అన్నారట. తెల్లారి నుంచి గంప పట్టుకొని ఒక్కొక్క పెళ్ల ఎత్తి ఒడ్డున పోయడం మొదలుపెట్టాడు. నేను డ్యూటీ ఉందని తప్పించుకున్నాను. గుండె ఆగి పోయాడని అందరూ అంటున్నారు. ఆ వయసులో ఆయనతో రాళ్లు మోయించింది నేను. ఇది రాయకుండా ఆయన మంచితనం గురించి ఎంత రాసినా అబద్ధమే.

దినాలు కాకముందే మబ్బు పట్టింది. కుప్పలో ఆయన తీసిన సందు మనిషి పట్టేంతే ఉంది. మా వాళ్లం తొమ్మిది మందిమి గడ్డపారలతో దిగాం. సందు బండి పట్టేంత అయ్యేసరికి వాన దంచింది, వాగు పారింది. అప్పుడే ఒక టిప్పర్ వెనక్కి వెనక్కి వచ్చి మా పైన ఒడ్డు మీద ఆగింది. డ్రైవర్ నాకు తెలిసినవాడే.

"అన్నా, జరుగు. ఈడనే పొయ్యమన్నడు మేస్త్రీ."

"పొయ్యి. మా మీదనే పొయ్యి."

"పిచ్చి లేసిందా నీకు?"

"మొన్నటిదాంక ఉండె. గిప్పుడు తగ్గింది."

వాడు ఇంజను ఆపలేదు. తొట్టి సగం లేచి ఉంది, రాళ్లు కటకటమంటున్నాయి. మేం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకొని మోకాలి లోతు ఎర్ర నీళ్లలో నిలబడ్డాం. అంతలో నా పిక్కను చల్లగా రాసుకుంటూ ఏదో అడవి వైపు పోయింది. దాని వెనకే ఇంకొకటి.