కొట్టినంక పోదాం

మిర్యాలగూడ దవాఖాన వెనక రేకుల షెడ్డులో, మనసు బాగాలేక మందులు వాడేవాళ్లకు వారానికోసారి కోలాటం నేర్పేదాన్ని. నిడమనూరు నుంచి ఒక అక్క వచ్చేది. మందుల వల్ల ఆమె చెయ్యి ఎప్పుడూ సన్నగా వణికేది.

కోలాటంలో ఎదుటివాళ్ల కోలకు కోల తగిలించి పక్కకు జరగాలి. ఎవరైనా ఆగిపోతే వాళ్లను దాటి సాగిపోవాలి, లేకుంటే ఆట మొత్తం చెడుతుంది. మందుల మత్తుకు మావాళ్లు తరచూ ఆగిపోయేవారు. ఆమె మాత్రం ఎవరినీ దాటేది కాదు. కోల ఎత్తి పట్టుకుని, "కొట్టినంక పోదాంలే," అనేది. ఎదుటిమనిషి తేరుకుని కొట్టేదాకా అట్లాగే నిలబడేది. మా పాట ఏనాడూ చివరిదాకా సాగలేదు.

"అక్కా, గిట్లయితే ఆట ఎప్పుడైతది?" అని ఒకసారి విసుక్కున్నాను.

"బతుకమ్మకాడ నేను జర ఆగిన టీచరమ్మా. అందరు నన్ను దాటుకుంట పోయిన్రు," అంది, కోల దించకుండానే. "మల్ల పిలువలే."

పోనుపోను జనం తగ్గారు. కొందరికి బస్సు దొరకలేదు, కొందరిని ఇంట్లోవాళ్లు పంపలేదు. నాకూ ఓపిక అయిపోయింది. ఒకరోజు ఆట మధ్యలోనే కోలలు పక్కన పెట్టి, ఇక రానని వీళ్లకు ఎట్లా చెప్పాలా అనుకుంటూ షెడ్డు మెట్టు మీద కూలబడ్డాను.

లోపల పాట ఆగింది. తలెత్తి చూస్తే ఆమె నా ముందు నిలబడి ఉంది. వణికే చేత్తో కోల ఎత్తి పట్టుకుంది.

"కొట్టినంక పోదువులే, టీచరమ్మా," అంది.